మన పాముల విషం మన మందులో చేరాలి

పాములను ఉంచుకోవడానికి అనుమతి ఇవ్వండని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల అధికారులను అడగడానికే ఈ ప్రసంగం. ఆ మాట వినగానే ఎవరికైనా ముందు భయం, ఆ వెంటనే అనుమానం కలుగుతాయి. అందుకే అడుగుతున్నదేమిటో మొదట్లోనే విడమరచి చెప్పాలి. ముచ్చటకు ఇంట్లో పామును పెంచుకునే అనుమతి గురించి నేను మాట్లాడడం లేదు. నాగుల పంచమికి బుట్టలో పెట్టి ఊరేగించే అనుమతి గురించి అసలే కాదు. ఇళ్ళలో, చేలల్లో పట్టిన విషసర్పాలను ఒక్కచోట, ప్రభుత్వ పర్యవేక్షణలో, కొద్ది వారాలు ఉంచి, వాటి విషం తీసి, తిరిగి వదిలిపెట్టే అనుమతి కావాలి. పాముకాటుకు ఇచ్చే ఇంజెక్షన్‌కు ముడిసరుకు ఆ విషమే. మన చేలల్లో మనుషులను కాటేస్తున్న పాముల విషం మన ఆస్పత్రుల్లోని మందు తయారీలో చేరాలంటే దానికి ఇంతకంటే దగ్గర దారి లేదని నా నమ్మకం.

ఈ విషయం ఎంత పెద్దదో ముందు చూద్దాం. మన దేశంలో 2000 సంవత్సరం నుంచి 2019 దాకా పాముకాటుతో దాదాపు పన్నెండు లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఆస్పత్రి రికార్డుల్లోకి ఎక్కని చావులను కూడా ఇంటింటికీ వెళ్ళి అడిగి లెక్కలోకి తెచ్చిన అధ్యయనం అది. ఈ మరణాల్లో సుమారు 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. ఆ ఎనిమిదింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, అంటే తెలంగాణ పల్లెలు కూడా ఆ లెక్కలో ఉన్నట్టే. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది పల్లెవాసులు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే సరిగ్గా వానాకాలం సాగు రోజుల్లో జరిగాయి. వీటిని ఊరికే కూర్చుని ఉండగా వచ్చిన చావులని అనలేం. చేనికి పోయిన మనిషికి, కలుపు తీసే చేతికి, మోటారు వేయడానికి చీకట్లో గట్టు మీద నడిచే కాలికి వచ్చిన చావులవి.

మన మూడు జిల్లాల సాగు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఈ లెక్క వింతగా అనిపించదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో సీడ్ పత్తి చేలు ఉన్నాయి. అక్కడ పూవు పూవునూ చేత్తో క్రాసింగ్ చేయాలి కాబట్టి కూలీలు, వాళ్ళలోనూ ఎక్కువగా ఆడవాళ్ళు, రోజంతా మొక్కల మధ్యనే ఉంటారు. వనపర్తి చుట్టూ పల్లి పంట. పల్లి ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పాము. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి రాత్రుళ్ళు చేలోనే పడుకునే రైతులు ఎందరో. నాగర్‌కర్నూల్ వైపు నల్లమల అంచు పల్లెలు, కొల్లాపూర్ మామిడి తోటలు. జూరాల, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల కింద వరి పెరిగింది. వరితో పాటు గడ్డివాములు, ధాన్యపు కుప్పలు, వాటిలో ఎలుకలు పెరిగాయి. నీళ్ళు రావడం ఈ ప్రాంతానికి వరమే. ఆ వరంతో పాటు పాము మనిషికి మరింత దగ్గరైంది. కాబట్టి ఇక్కడి పాముకాటును రైతు వృత్తిలోనే ఉన్న ప్రమాదంగా చూడాలి. గని కార్మికుడి రక్షణ గురించి ప్రభుత్వం ఆలోచించినట్టే చేను కార్మికుడి రక్షణ గురించి కూడా ఆలోచించాలి.

ఇప్పుడు మందు సంగతి. పాముకాటుకు నమ్మదగిన వైద్యం ఒక్కటే, విషాన్ని విరిచే సీరం. వైద్యులు దాన్ని ఏఎస్‌వీ అంటారు. పాము నుంచి విషం తీసి, ఆరబెట్టి, దాన్ని గుర్రాలకు అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఎక్కిస్తారు. గుర్రం రక్తంలో ఆ విషానికి ఎదురుతిరిగే పదార్థాలు తయారవుతాయి. వాటిని వేరుచేసి, శుద్ధిచేసి సీసాల్లో నింపుతారు. మన దేశంలో దొరికే సీరం నాలుగు పాముల విషానికి కలిపి చేసింది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల చిన్న పింజర. ఆ సీరం ఒక్క మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని, అంతే రక్తపింజర విషాన్ని, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము విషాన్ని, అంతే చిన్న పింజర విషాన్ని విరిచేయాలని మన ఔషధ ప్రమాణం నిర్దేశించింది. చూడడానికి కచ్చితమైన కొలత. అయితే ఆ కొలతను ఏ ఊరి పాము విషంతో సరిచూశారన్నదే అసలు ప్రశ్న.

దేశంలో సీరం కంపెనీలకు చేరే విషంలో అత్యధిక భాగం దశాబ్దాలుగా ఒక్కచోటి నుంచే వస్తోంది. తమిళనాడులో మహాబలిపురానికి దగ్గర వడనెమ్మేలిలో ఉన్న, ఇరుల అనే ఆదివాసీ తెగకు చెందిన పాములు పట్టేవారి సహకార సంఘం అది. అక్కడి పాములు దాదాపుగా ఆ చుట్టుపక్కల జిల్లాల పాములే. ఇందులో ఆ సంఘం తప్పేమీ లేదు. వాళ్ళు లేకపోతే ఈ దేశంలో లక్షల ప్రాణాలు నిలిచేవి కావు. కానీ ఒకే జాతి పాము విషం ఊరు మారితే మారుతుందని శాస్త్రవేత్తలు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు వేర్వేరు ప్రాంతాల రక్తపింజరల విషాన్ని పోల్చి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని ప్రాంతాల విషం మీద మార్కెట్‌లోని సీరం ఆశించినంతగా పనిచేయలేదని తేలింది. 2025లో అదే సంస్థవాళ్ళు దేశంలో 34 చోట్ల నుంచి 115 రక్తపింజరల విషం పరీక్షించి, అక్కడి వేడి, వాన విషం స్వభావాన్ని ప్రభావితం చేస్తున్నాయని చూపారు. పొడి నేలల పాముల విషంలో మాంసకృత్తులను కరిగించే గుణం ఎక్కువగా కనబడింది. మన మూడు జిల్లాల నేల తమిళనాడు కోస్తా లాంటిది కాదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, రాతినేల, ఎర్రనేల. ఇక్కడి రక్తపింజర విషానికి ఇప్పుడున్న సీరం ఎంతవరకు సరిపోతుందో తెలియాలంటే ఇక్కడి రక్తపింజర విషం తీసి పరీక్షించాలి. విషం తీయాలంటే పామును కొన్నాళ్ళు ఉంచుకోవాలి. ఉంచుకోవాలంటే అనుమతి కావాలి. నా వాదనంతా ఈ మూడు మాటల్లోనే ఉంది.

ఈ కథలో మనసును గట్టిగా పట్టుకునే సంగతి ఇంకొకటి ఉంది. పాముకాటు సీరం తయారుచేసే కర్మాగారాల్లో ఒకటైన విన్స్ బయోప్రొడక్ట్స్ కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లో ఉంది. ఇప్పుడు అది రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయేదాకా మన మూడు జిల్లాలతో పాటు అది కూడా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోదే. మందు చేసే చోటు మన ముంగిట ఉంది. కాటు పడే మనుషులు మనవాళ్ళు. వైద్యం చేయడానికి 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఈ గొలుసులో ఇక్కడ లేని లంకె ఒక్కటే, విషం సేకరించే కేంద్రం.

దీనికి చట్టం అడ్డు వస్తుందని వెంటనే అభ్యంతరం వస్తుంది. ఆ అభ్యంతరం తేలికగా తీసిపారేసేది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి పామును పట్టడం, ఉంచుకోవడం నేరం. 2022 సవరణ తర్వాత నాగుపాము, రక్తపింజర మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి విషయంలో నేరానికి కనీసం మూడేళ్ళ జైలుశిక్ష. ఇంత కఠినంగా ఉండడం న్యాయమే. కానీ అదే చట్టం 12వ సెక్షన్‌లో కొన్ని ప్రత్యేక అవసరాలకు అనుమతి ఇచ్చే వీలు కల్పించింది. చదువు, శాస్త్ర పరిశోధన అందులో ఉన్నాయి. ప్రాణాలు కాపాడే మందుల తయారీకి పాము విషం తీయడం, సేకరించడం కూడా పేరుపెట్టి చెప్పారు. అనుమతి ఇచ్చేది రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. మొదటి షెడ్యూలు పాములకైతే కేంద్రం ముందస్తు అనుమతి కూడా కావాలి. విషం వ్యాపారానికి లైసెన్సు ఉండాలని 44వ సెక్షన్ చెబుతోంది. అంటే చట్టం ఈ తలుపును మూసేయలేదు, తాళం వేసి ఉంచింది. ఆ తాళంచెవి జిల్లా అధికారుల చేతిలో లేకపోవచ్చు. దాని కోసం దరఖాస్తు రాసే కలం మాత్రం వాళ్ళ చేతిలోనే ఉంది. మూడు జిల్లాల కలెక్టర్లు, జిల్లా అటవీ అధికారులు, వైద్యాధికారులు కలిసి ఒక ఉమ్మడి ప్రతిపాదన పంపితే దానికుండే బరువు వేరు.

మరి ముచ్చటకు పెంచుకునేవాళ్ళ మాటేమిటి? ఈ ప్రశ్న యువకుల నుంచి ఇప్పుడు ఎక్కువగా వస్తోంది. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాములను రిజిస్టరు చేసి ఉంచుకోవడానికి 2022 సవరణ, 2024 నిబంధనలు ఒక మార్గం చూపాయి కదా, మన పాముకు మాత్రం ఎందుకు వద్దని వాళ్ళు అడుగుతారు. జవాబు ఇది. విదేశీ పాము ఇక్కడి అడవిలోది కాదు. దాన్ని రిజిస్టరు చేయించడం ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీయడానికే, పాముల పెంపకాన్ని ప్రోత్సహించడానికి కాదు. మన జెర్రిపోతునో, కొండచిలువనో ఇంటికి తెచ్చుకుంటే మన చేను నుంచి ఎలుకలను తినే ఒక ప్రాణిని తీసేసినట్టే. పైగా పాము మనిషికి మచ్చిక కాదు. యజమానిని గుర్తుపెట్టుకుని ప్రేమించే తత్వం దానికి లేదు. ఒకసారి సరదాకు అనుమతి ఇస్తే రెండు తలల పాము అదృష్టం తెస్తుందని నమ్మించి లక్షలకు అమ్మే దొంగవ్యాపారానికి అది చక్కని ముసుగు అవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ వ్యాపారం చేసినవాళ్ళు పోలీసులకు పట్టుబడిన వార్తలు మనం తరచూ వింటూనే ఉన్నాం. అందుచేత మన పాములను ఇళ్ళలో పెంచుకోవడానికి వీల్లేదన్న నియమం అలాగే ఉండాలి. ఆ నియమం గట్టిగా ఉన్నప్పుడే ప్రాణరక్షణ కోసం ఇచ్చే మినహాయింపుకు విలువ ఉంటుంది.

ఇక ఈ పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇందుకు ఇరుల సంఘం చరిత్రే మంచి పాఠం. ఇరులవాళ్ళు ఒకప్పుడు తోళ్ళ వ్యాపారం కోసం పాములు పట్టేవాళ్ళు. 1972 చట్టం వచ్చి ఆ వ్యాపారం ఆగిపోయాక వాళ్ళ బతుకుతెరువు పోయింది. సర్ప నిపుణుడు రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో సహకార సంఘంగా ఏర్పడి, చంపడానికి బదులు విషం తీయడానికి పాములు పట్టసాగారు. పట్టిన పామును మట్టికుండలో పెట్టి పైన బట్ట కడతారు. కొద్ది వారాల పాటు వారానికి ఒకసారి విషం తీస్తారు. పొట్ట పొలుసు కొద్దిగా కత్తిరించి గుర్తు పెట్టి వదిలేస్తారు, అదే పామును వెంటనే మళ్ళీ పట్టకుండా. ఏటా ఎన్ని పాములు పట్టవచ్చో అటవీశాఖ నిర్ణయిస్తుంది. ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌లను 2023లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. చదువు లేదని చిన్నచూపు చూసిన వృత్తి జ్ఞానాన్ని దేశం నెత్తిన పెట్టుకున్న సందర్భమది.

ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవాలని నేను అనను. మనకు అంతకంటే మెరుగైన వీలు ఒకటి ఉంది. మన పట్టణాల్లో, పల్లెల్లో ఇళ్ళలోకి వచ్చిన పాములను స్వచ్ఛందంగా పట్టి అడవిలో వదిలే కార్యకర్తలు ఇప్పటికే పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి అటవీశాఖతో కలిసి ఈ పని చేస్తోంది. ఆ పాములను ఎలాగూ పడుతున్నారు. విషం కోసం చాలావరకు కొత్తగా అడవిలోకి పోయి పాములు పట్టనక్కరలేదు. ఇప్పటికే పట్టిన నాగుపామును, రక్తపింజరను మూడు నాలుగు వారాలు కేంద్రంలో ఉంచి, విషం తీసి, దొరికిన చోటికి దగ్గర్లోనే అనువైన తావున వదిలేస్తే చాలు. ఎక్కడో దూరాన ముక్కూముఖం తెలియని అడవిలో వదిలిన పాము దారి తెలియక చచ్చిపోయే ప్రమాదం ఎక్కువని పరిశోధకులు చెబుతున్నారు కాబట్టి ఇది పాముకూ మేలే. కట్లపాము, చిన్న పింజర ఒక్కోసారి ఇచ్చే విషం చాలా తక్కువ. వాటి సంఖ్య సరిపోనప్పుడు మాత్రం అటవీశాఖ లెక్కకట్టి ఇచ్చిన పరిమితిలో పట్టవచ్చు. నల్లమల చెంచులు పాములు పట్టే వృత్తివాళ్ళు కారు. ఆదివాసులు కదా అని వాళ్ళ మీద ఈ పని రుద్దకూడదు. ఇష్టపడి వచ్చిన ఏ కులం యువకులకైనా శిక్షణ, జీతం, బీమా ఇవ్వాలి.

కేంద్రం ఎక్కడ ఉండాలన్నదానికి నా సూచన ఇది. మెడికల్ కాలేజీ ఉన్న పట్టణంలో, ఆస్పత్రికి నిమిషాల దూరంలో ఉండాలి. అక్కడ సీరం ఎప్పుడూ నిలవ ఉండాలి. తలుపులు రెండంచెలుగా, గోడలు నున్నగా, నేలలో సందు లేకుండా కట్టాలి. ఒక్కో పాముకు ఒక్కో సంఖ్య, ఎక్కడ దొరికింది, ఎప్పుడు వదిలారు అన్న రిజిస్టరు ఉండాలి. తీసిన విషం మిల్లీగ్రాములతో సహా రాయాలి. లైసెన్సున్న సీరం తయారీదారుకూ, గుర్తింపు ఉన్న పరిశోధన సంస్థకూ తప్ప ఇంకెవరికీ చేరకూడదు. ప్రజల వినోదానికి చూపించే చోటుగా దాన్ని మార్చకూడదు. ఏదైనా ఒక్క షరతు తప్పితే అనుమతి రద్దుచేసే అధికారం అటవీశాఖకు ఉండాలి. సీరం తయారీ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా విషాన్ని ఆ పాము ఉన్న అన్ని ప్రాంతాల నుంచీ సేకరించాలనీ, ఎక్కడి పామో రాసి పెట్టాలనీ కోరుతున్నాయి.

ఇది పాపమని, నాగదేవతను బంధించడమని బాధపడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ భక్తిని నేను గౌరవిస్తాను. పుట్టలో పాలు పోసే చేతులే చేలో కనబడిన పామును కర్రతో కొట్టడం మన ఊళ్ళలో జరుగుతున్న నిజం. ఆ కొట్టడానికి కారణం ద్వేషం కాదు, భయం. కాటేస్తే బతుకుతామన్న నమ్మకం లేని చోట ఆ భయం పోదు. పనిచేసే మందు అందుబాటులో ఉందని తెలిస్తే, పామును పట్టుకుపోయేవాళ్ళు ఫోను చేస్తే వస్తారని తెలిస్తే కర్రకు పని తగ్గుతుంది. కేరళ అటవీశాఖ పాములు పట్టేవాళ్ళకు శిక్షణ ఇచ్చి, ధ్రువపత్రాలిచ్చి, సర్ప అనే యాప్ ద్వారా జనానికి దగ్గర చేసింది. పామునూ మనిషినీ కలిపి కాపాడవచ్చని ఆ ప్రయత్నం చూపించింది.

ముందు ఆస్పత్రులు బాగుచేయండి, మంత్రగాళ్ళ దగ్గరికి పోకుండా జనాన్ని ఆపండి, ఆ తర్వాత విషం సంగతి చూద్దామనే మాట కూడా ఉంది. ఆ మాటలో సగం నిజం ఉంది. కాటు పడ్డాక నాటుమందుకూ మంత్రానికీ పోగొట్టుకున్న గంటల్లోనే చాలా ప్రాణాలు పోతున్నాయి. కట్లపాము కాటైతే నిద్రలో నొప్పి కూడా తెలియక, తెల్లవారి కడుపునొప్పి అని తిరిగి తిరిగి ఆలస్యం చేస్తారు. ప్రతి పీహెచ్‌సీలో సీరం ఉండాలి, దాన్ని ఇచ్చే ధైర్యం వైద్యుడికి ఉండాలి. కానీ ఈ పనులు ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సినవి కావు. వేళకు ఆస్పత్రి చేరిన మనిషికి ఎక్కించిన మందు అతన్ని కాటేసిన పాము విషానికి సరిపోకపోతే, వేళకు చేర్చిన శ్రమంతా వృథా. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో వైద్యశాఖ పనులతో పాటు వన్యప్రాణి విభాగం పనులూ చెప్పారు. విష సేకరణ వాటిలో ఉంది. కనుక మన అధికారులు కొత్తగా తెగించాల్సిందేమీ లేదు. ప్రభుత్వం రాసుకున్న మాటను మన నేల మీద అమలు చేయడమే వాళ్ళను కోరుతున్నది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అధికారులకు నా మనవి ఇదీ. ఈ వానాకాలం నుంచే ప్రతి పాముకాటును, అది ఏ పాము, ఏ ఊరు, ఎన్ని సీసాల సీరం పట్టింది, మనిషి బతికాడా లేదా అన్న వివరాలతో ఒకే పద్ధతిలో నమోదు చేయించండి. ఆ లెక్కతో మూడు జిల్లాల తరఫున ఒక్క విష సేకరణ కేంద్రానికి, పరిమిత సంఖ్యలో, మూడేళ్ళ గడువుతో అనుమతి అడగండి. మూడేళ్ళలో ఇక్కడి విషం మీద పరీక్షలు పూర్తిచేయించి, ఫలితాన్ని ప్రజల ముందు పెట్టండి. ఇక శ్రోతలు చేయగలిగింది కూడా ఉంది. మీ గ్రామసభలో ఈ సంగతి ఎత్తండి, తీర్మానం రాయించి కలెక్టరుకు పంపండి. మన తిండి పండించే మనిషి చీకట్లో గట్టు మీద అడుగు వేసేటప్పుడు, అతనికి తగిన మందు తయారై ఉండాలని కోరడం అత్యాశ కాదు. దాన్ని అడిగి సాధించుకోవడం మనందరి బాధ్యత.